షగువానస్ అమ్మాయి

ప్రిన్సెస్ టౌన్,
ఫిబ్రవరి.

జైటూన్ అక్కకు,

సలాం. చేతిలో ఫోను పెట్టుకుని తపాలా బిళ్ల అతికించే మనిషి ట్రినిడాడ్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. నవ్వుకో. కానీ ఆ ఫోను కొనిపెట్టిందీ, ఎలా వాడాలో నేర్పిందీ నా కూతురే. దాని తాళాలన్నీ నీజా దగ్గరే ఉన్నాయి. నేను నీకు పంపే ముక్క నీకంటే ముందు తను చదువుతుందని నా అనుమానం. ఇంటి ఫోనేమో హాల్లో ఉంది, నీజా కూడా హాల్లోనే ఉంటుంది. ఇక మిగిలింది కాగితమే. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. ఇంటి చిరునామా వద్దు, నా కుట్టు దుకాణం చిరునామా వెయ్యి.

పిల్ల మారిపోయింది అక్కా. తండ్రి పోయాక మూగదానిలా తిరిగిన పిల్ల ఇప్పుడు నవ్వుతోంది. నవ్వితే తల్లి సంతోషించాలి కదా? కానీ ఆ నవ్వు నన్ను చూసి కాదు, ఫోనును చూసి. మందుల దుకాణంలో పని అయిపోయి ఇంటికి వస్తుంది, చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుంటుంది, ఎవరో చెప్పే పాఠాలు వింటుంది. బడి నాటి స్నేహితురాళ్లు ఒక్కరూ ఇప్పుడు గడప తొక్కడం లేదు. 'వాళ్లతో ఏం మాట్లాడతానమ్మా, కార్నివాల్ బట్టల గురించా?' అంటుంది.

మొన్న మా ఆయన హనీఫ్ పోయిన రోజని ఇంట్లో మౌలూద్ పెట్టించాను. మన నాన్న కాలం నుంచీ పాడుతున్న పాటలే. మగవాళ్లు గొంతెత్తగానే నీజా లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను చేసిన సవీన్ ముట్టుకోలేదు. అడిగితే, ఇవన్నీ మనవాళ్లు కల్పించుకున్నవి, మతం కాదు, మీకెవరూ సరిగా నేర్పలేదు అంది. సేమియా పాయసం ఎప్పుడు పాపమైందో నాకైతే తెలియదు.

పక్క ఊరి మెకానిక్ సంగతి నువ్వు పేపర్లో చదివే ఉంటావు. పెళ్లాన్నీ పిల్లలనూ వెంటబెట్టుకుని సిరియా వెళ్లిపోయాడు, ఆ నల్లజెండా వాళ్ల దగ్గరకు. ఇక్కడ మిగిలిన ముసలి తల్లికి ఫోనులో ఒక ఫోటో వచ్చింది. మనవడు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముసలామె నా దగ్గరే గౌన్లు కుట్టించుకునేది. ఇప్పుడు ఎవరింటికీ రాదు, ఎవరూ ఆమె ఇంటికి వెళ్లరు. నీజాను చూసినప్పుడల్లా నాకు ఆ ఫోటోయే గుర్తొస్తోంది.

నా అనుమానం ఎవరి మీదో చెప్పనా? మాక్సీ వ్యాను నడిపే కరీం మీద. ఇదివరకు వాడి పేరు డెస్మండ్. జైలుకు వెళ్లి కరీం అయి వచ్చాడు, బొడ్డుదాకా గడ్డం పెంచాడు. నీజా రోజూ పనికి వెళ్లేది వాడి మాక్సీలోనే. వాడేదో నూరిపోస్తున్నాడు. పట్టుకుంటాను చూడు.

నీ చెల్లెలు
షైరూన్

•

స్కార్బరో, టొబాగో,
మార్చి.

ఒసేయ్ షైరూ,

నీ ఉత్తరం ఇస్తూ పోస్టుమాన్ 'ఎవరైనా పోయారా అమ్మా?' అని అడిగాడు. చేతిరాత కవరంటే చావు కబురే అనుకునే రోజులు వచ్చాయి. ఎవరూ పోలేదు, మా చెల్లెలికి అనుమానం జబ్బు తిరగబెట్టింది అని చెప్పాను.

కోపం తెచ్చుకోకు. నీ అనుమానం నాకు కొత్తా? నేను కత్‌బర్ట్‌ను చేసుకుంటానన్నప్పుడు నువ్వేమన్నావు? ఓడలో పనిచేసేవాడికి రేవుకొక పెళ్లాం ఉంటుందన్నావు. పాతికేళ్లు దాటాయి, ఆ రెండో పెళ్లాం కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను. ఆయన చర్చికి పోతాడని నాన్న తలుపేశాడు. నాన్న పోయాక నువ్వు తెరుస్తావనుకున్నాను. గడియ కూడా తీయలేదు. నేను మాత్రం రావచ్చు, ఆయన రాకూడదు, ఇదీ నీ న్యాయం.

ఇరవై ఏళ్ల పిల్ల ఫోను చూసి నవ్వుతోందంటే దానికి మతం అని పేరు పెట్టకు. ఎక్కడో ఒక మగపిల్లాడు ఉంటాడు. పాఠం వింటే భయం, పాట వినకపోతే భయం. ఆ పిల్ల నవ్వుతోందని నువ్వే రాశావు, దానికీ భయమే. కాస్త ఊపిరాడనివ్వు. గట్టిగా మూసిన గుప్పిట్లోంచే ఇసుక జారుతుంది. ఎందుకు చెబుతున్నానో అడగకు.

అక్క
జైటూన్

•

ప్రిన్సెస్ టౌన్,
మార్చి.

అక్కా,

'ఎందుకు చెబుతున్నానో అడగకు' అని రాశావు. అందుకే అడుగుతున్నాను. నీకేం తెలుసు?

కత్‌బర్ట్ సంగతి ఇప్పుడెందుకు తవ్వావు? నేను నిప్పు గురించి రాస్తే నువ్వు పాత బూడిద గురించి రాశావు. సరే, అది తర్వాత తేల్చుకుందాం.

కరీం మీద నిఘా వేశాను. శుక్రవారం మసీదు ఎదురుగా ఉన్న కొట్లో మాబీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆ చేదు కషాయం నాకు గిట్టదని నీకు తెలుసు, అయినా రెండు గ్లాసులు తాగాను. మైకులో ఇమామ్ గారి ప్రసంగం అంతా వినబడింది. మతం నేర్చుకోవాలంటే మనిషి ముఖం చూసి నేర్చుకోండి, ఫోనులో ముఖం లేనివాడి దగ్గర కాదు అని పిల్లలను మందలిస్తున్నాడు. ఆడవాళ్లు బయటికి వచ్చారు. వాళ్లలో నీజా లేదు. మసీదుకు అని చెప్పి వెళ్లిన పిల్ల అక్కడ లేదు.

కరీం నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు. దొరికిపోయానే అనుకున్నాను. సలాం చెప్పి, తల దించుకుని అన్నాడు:

'అమ్మా, మీ అమ్మాయి మా దగ్గరకు రావడం మానేసి చాలా రోజులైంది. ఇమామ్ గారికి చదువు చాలదంటోంది. నన్ను భయస్తుడంది. నేను జైల్లో ఉన్నప్పుడు నన్ను కూడా ఇలాగే తియ్యగా పిలిచినవాళ్లున్నారు. ఆ పిలుపు నాకు తెలుసు. పిల్లను కనిపెట్టి ఉండండి.'

ఏం నటన అక్కా. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. నా పిల్లను నేను చూసుకోగలనని చెప్పి లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి అడిగితే నీజా కళ్లు పైకెత్తకుండా, పార్కులో కూర్చుని ఖురాన్ చదువుకున్నానంది. పార్కులో ఫోను చూడలేదా అని అడిగాను. ఖురాన్ ఫోనులోనే ఉందమ్మా అంది.

ఇంకొక సంగతి. మొన్న హాల్లోకి నేను రాగానే 'సరే పెద్దమ్మా, తర్వాత చేస్తాను' అని ఫోను పెట్టేసింది. తనకు పెద్దమ్మవి నువ్వొక్కదానివే. ఏం మాట్లాడుకుంటున్నారు మీరిద్దరూ?

షైరూన్

•

స్కార్బరో,
ఏప్రిల్.

షైరూ,

ఇక్కడ చుక్క వాన లేదు. కత్‌బర్ట్ మోకాలు వాచింది. పెరట్లో మామిడి బాగా కాసింది.

నీజా అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పెద్దమ్మను కదా, చేయకూడదా? వంటల గురించి మాట్లాడుకుంటాం. అంతకు మించి నాకేమీ తెలియదు. నీకు చెప్పవలసింది ఏదైనా ఉంటే చెప్పవలసింది నీజా, నేను కాదు.

జైటూన్

•

ప్రిన్సెస్ టౌన్,
మే.

అక్కా,

వంటల గురించా? రోటీ తిప్పమంటే పెనం మాడ్చే పిల్ల టొబాగోకు ఫోన్ చేసి వంటలు అడుగుతోందా? అబద్ధం చెప్పాలన్నా కాస్త పొందిక ఉండాలి. చిన్నప్పుడు కూడా నువ్వు ఏదైనా దాస్తే ముందు వాన గురించి మాట్లాడేదానివి.

మొదట మంచి కబురు రాస్తాను, తర్వాత పోట్లాడతాను. నీజా రోజూ మాట్లాడేది ఎవరితోనో తెలిసింది. ఆడపిల్లే. పేరు సుమయ్యా. పుట్టి పెరిగింది మన షగువానస్‌లోనేనట, అంగడి వెనక వీధిలో. పెళ్లయి ఇప్పుడు టర్కీలో కాపురం చేస్తోంది. మొన్న చీకటి పడ్డాక నేను దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేసరికి ఫోనులో మాట్లాడుకుంటున్నారు. నీజాయే ఫోను నా చేతికిచ్చి 'మాట్లాడమ్మా, నీ అనుమానం తీరుతుంది' అంది. నేను 'గుడ్ నైట్ అమ్మా' అన్నాను. ఆ పిల్ల ఎంత ముద్దుగా అందో చూడు. 'అయ్యో ఆంటీ, అప్పుడే వెళ్లిపోతున్నారా? కాసేపు నాతో కూర్చోండి' అంది. కన్న కూతురు నన్ను కూర్చోమని ఏనాడూ అనలేదు. నా నడుం నొప్పి గురించి అడిగింది, మిషను కుట్టేవాళ్లకు అది తప్పదని జాలిపడింది. మాటలో మర్యాద, గొంతులో తేనె. ఇలాంటి స్నేహం ఉంటే నాకు భయం దేనికి అనుకున్నాను. ఆ రోజు కంటినిండా నిద్రపోయాను.

ఇప్పుడు పోట్లాట. నీజా వచ్చే శుక్రవారం నీ దగ్గరకు వస్తోందట. నువ్వే పిలిచావట, వారం ఉంటుందట. నాతో ఒక్క మాట అనాలని నీకు తోచలేదా? పెట్టె సర్దుతుంటే సాయం చేయబోయాను, వద్దంది. వద్దంటే చూడకుండా ఉంటానా? స్నానానికి వెళ్లినప్పుడు తెరిచి చూశాను. అడుగున ఉన్ని మేజోళ్లు, మందపాటి చలికోటు ఉన్నాయి. టొబాగోలో మంచు పడుతోందా అక్కా?

కరీం కాదు, ఆ షగువానస్ అమ్మాయి కాదు. ఇక మిగిలింది నువ్వే. నా పిల్లను నీ వైపు తిప్పుకుని నా మీద పాత కక్ష తీర్చుకుంటున్నావా? అలాగైతే సూటిగా చెప్పు.

షైరూన్

•

స్కార్బరో,
గురువారం.

షైరూ,

ఈ ఉత్తరం కత్‌బర్ట్ చేతికిచ్చి పంపుతున్నాను. నీ గుమ్మం లోపలికి నువ్వు రానివ్వని మనిషి. ఈసారి రానివ్వు. ఫోన్ చేశాను, నీజా ఎత్తింది, మాట రాక పెట్టేశాను. నీ సెల్లుకు చేస్తే అది కూడా తన కంట పడుతుందని నువ్వే అన్నావు. అందుకే ఆయన పొద్దుటి ఓడకే వస్తున్నాడు. నీజా నిజంగా ఇక్కడికే వస్తే పట్టుకోవడానికి నేను ఆగిపోయాను. కానీ రాదు.

నీ ఉత్తరం నేను కత్‌బర్ట్‌కు చదివి వినిపించాను. 'అప్పుడే వెళ్లిపోతున్నారా' అన్న చోట ఆయన చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ చదవమన్నాడు. తర్వాత, ఆ పిల్ల షగువానస్‌ది కాదు అన్నాడు. 'నేను ఓడెక్కిన కొత్తలో చీకటి పడ్డాక భోజనాల గదిలోకి వెళ్లి గుడ్ నైట్ అంటే, ఏం, తినకుండానే పడుకుంటావా అని అందరూ నవ్వేవాళ్లు. ప్రపంచమంతా ఆ మాట చెప్పి వెళ్లిపోతుంది జైటూన్. ఆ మాట చెప్పి లోపలికొచ్చేది మన దీవులవాళ్లమే.'

ఆలోచించు షైరూ. చీకటి పడితే ఎవరి గుమ్మంలో నిలబడినా, ఏ మాక్సీ ఎక్కినా, ముందు మన నోట వచ్చేది ఆ మాటే. ఆ మాట చెప్పనివాడిని పెంపకం లేనివాడంటాం. షగువానస్‌లో పుట్టిన పిల్లకు అది సెలవు తీసుకోవడంలా ఎలా వినిపిస్తుంది? నీ కూతురితో రోజూ మాట్లాడుతున్నది ఎవరో మనకు తెలియదు. అంగడి, వెనక వీధి, అంతా ఎక్కడో చూసి వల్లెవేసిన పాఠం.

ఇక నేను దాచింది చెబుతాను. నీజా నాకు జనవరిలోనే చెప్పింది, ఒక అబ్బాయి ఉన్నాడని. మంచివాడు, చదువుకున్నవాడు, నువ్వు ఒప్పుకోవు కాబట్టి సముద్రం దాటి కరకాస్ వెళ్లి అతన్ని కలుసుకుని పెళ్లి చేసుకుంటానంది. టొబాగో వెళ్తున్నానని అమ్మకు చెబుతాను, అడిగితే అవునను పెద్దమ్మా అంది. నేను సరేనన్నాను. నాన్న వేసిన తలుపు నాకు గుర్తొచ్చింది. మరో ఆడపిల్లకు నేను కిటికీ తెరుస్తున్నాననుకుని పొంగిపోయాను. ఆ అబ్బాయిని కుదిర్చింది ఎవరని నిన్నటిదాకా అడగలేదు. నిన్న నీజాయే ఫోన్ చేసినప్పుడు అడిగాను, ఈ సుమయ్యాయే కుదిర్చిందట. ఆ అబ్బాయిని నీజా ఒక్కసారి కూడా చూడలేదు. కరకాస్ నుంచి ఎక్కడికో ఆ ఉన్ని మేజోళ్లే చెబుతున్నాయి, ఆ మెకానిక్ పోయిన చోటికే.

రేపటి విమానం. టొబాగోకు వెళ్లేదీ, కరకాస్‌కు వెళ్లేదీ రెండూ పియార్కో విమానాశ్రయం నుంచే కదా, అందుకే ఈ అబద్ధం అంత సులువుగా అతికింది. తిట్టడం తర్వాత. ముందు వెళ్లు.

జైటూన్

•

ప్రిన్సెస్ టౌన్,
జూన్.

అక్కా,

నీజా ఇంట్లోనే ఉంది. ముందు ఆ మాట రాస్తున్నాను, మిగతాది నెమ్మదిగా చదువు.

కత్‌బర్ట్ దారిలో బస్సు చెడిపోయి రాత్రంతా శాన్ ఫెర్నాండోలో ఉండిపోయి, శుక్రవారం తెల్లవారాక వచ్చాడు. అప్పటికే నీజా బయలుదేరిపోయింది. నా నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లింది, చాన్నాళ్ల తర్వాత. అప్పుడే అర్థం కావలసింది. నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను, ఆయన్ను లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను. ఆ దారిలో అప్పుడే కరీం మాక్సీ వస్తోంది. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. విషయం సగం చెప్పేసరికి ఆయన బండిలో ఉన్నవాళ్లందరినీ దింపేశాడు. ఒక్కరి దగ్గరా చిల్లర పుచ్చుకోలేదు. నన్ను ఎక్కించుకుని పియార్కో దారి పట్టాడు. నేను వాడు వాడు అని రాసిన మనిషి, అక్కా.

విమానాశ్రయంలో కరకాస్ వరుసలో నిలబడి ఉంది. నేను కుట్టని నల్లటి గౌను వేసుకుంది. నన్ను చూసి పారిపోలేదు. విసుగ్గా చూసింది, అంతే. ఆ గుడ్ నైట్ సంగతి చెప్పాను. ఆ పిల్ల మనది కాదే, నిన్ను మోసం చేసింది అని చేతులు పట్టుకున్నాను. చేతులు విదిలించుకోలేదు కూడా.

'షగువానస్ కాకపోతే ఏమమ్మా?' అంది. 'నాన్న పోయాక నా మాట విన్నది ఆవిడొక్కతే. నువ్వు మిషను తొక్కుతూ కూర్చున్నావు.'

నిజం బయటపెడితే పిల్ల ఆగిపోతుందనుకున్నాను. నిజం దాని దాకా చేరనే లేదు. కిటికీ దగ్గర ఉన్న అధికారి పాస్‌పోర్టు తిప్పి చూశాడు. అమ్మాయి మేజర్, టికెట్టు ఉంది, తల్లికి ఇష్టం లేదని ఆపలేమమ్మా, పక్కకు జరగండి అన్నాడు. నీజా కాగితాలు తిరిగి ఇచ్చేస్తున్నాడు. చుట్టూ మన ఊళ్లవాళ్లే. ఒకావిడ కూతురి పెళ్లికి బట్టలు కుట్టింది నేనే. నేను నోరు తెరిస్తే ఇక నా పిల్ల ఈ దీవిలో తల ఎత్తుకోలేదని తెలుసు. తెరవకపోతే నాకూ ఒక ఫోటో వస్తుంది.

గట్టిగా అరిచాను. 'ఈ పిల్ల సిరియాకు పోతోంది. నేను కన్నతల్లిని, నేనే చెబుతున్నాను.'

అందరూ మా వైపు తిరిగారు. తర్వాత ఫోన్లు లేచాయి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి. పోలీసులు వచ్చేలోపే మేం ఊరంతా పాకిపోయాం. ఇంటికి వచ్చేసరికి పక్కింటామె ఆ వీడియో చూస్తూనే నా ముఖం చూసింది. అందులో గడ్డం ఉన్నవాడు కరీం ఒక్కడే కదా, కాబట్టి పోలీసులు ముందు పట్టుకెళ్లింది ఆయన్నే. రెండు రోజులు కూర్చోబెట్టారు. ఇమామ్ గారు, నేను వెళ్లి చెబితే వదిలారు. క్షమించమన్నాను. 'మీరు కూడా మొదట అదే అనుకున్నారు కదమ్మా' అన్నాడు. అందులో కోపం లేదు, అది ఇంకా బాధ.

నీజా ఫోను వాళ్ల దగ్గరే ఉంది. అందులో ఆ 'అబ్బాయి' పేరుతో రాసిందీ, సుమయ్యా పేరుతో రాసిందీ ఒకే మనిషై ఉండొచ్చని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. ఎవరో, ఎక్కడున్నారో తెలియదట. నీజాను ప్రశ్నలడిగి ఇంటికి పంపారు. గుమ్మం దాటుతూ 'నువ్వు నన్ను చంపేశావమ్మా' అంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. చెప్పి ఉంటే జనవరిలోనే ఆగేది. అయినా నీ మొగుడు మోకాలు వాచిన కాలితో వచ్చాడు. ఆయనకు టీ కూడా ఇవ్వలేదు. ఈసారి ఇద్దరూ రండి.

షైరూన్

•

స్కార్బరో,
జూన్.

షైరూ,

ఆ వీడియో ఇక్కడికీ వచ్చింది. చర్చిలో కత్‌బర్ట్‌ను ఆపి అడుగుతున్నారట, తీవ్రవాదుల పిల్లతో నీకేం పని అని. ఆయన, నా కూతురు అని చెప్పాడట.

నువ్వు అరవడం నేను పదిసార్లు చూశాను. ఒకసారి నీ ధైర్యానికి ఏడ్చాను, మిగతాసార్లు నా తెలివితక్కువతనానికి. ఇరవై ఏళ్ల పిల్ల రహస్యం నా దగ్గర పెట్టిందని నేను గర్వపడ్డాను. నన్నూ తేనెతోనే పట్టారు, నీజా నోటితో.

రమ్మన్నావు, వస్తాం. కాని ఇప్పుడు కాదు. నన్ను చూస్తే నీజా, పెద్దమ్మ కూడా పట్టిచ్చింది అనుకుంటుంది. కాస్త చల్లారనివ్వు. పిల్ల కళ్లెదుట ఉంది, అది చాలు అనుకో.

జైటూన్

•

ప్రిన్సెస్ టౌన్,
సెప్టెంబరు.

అక్కా,

ఈ ఉత్తరం రాసే వేళకే నా ఫోను కూడా పోలీసుల దగ్గర ఉంది. భయపడకు, నేనే ఇచ్చి వచ్చాను. ఎందుకో చెబుతాను.

పిల్ల కళ్లెదుట ఉంది, చాలు అన్నావు. చాలదు. గోడకు ఆ పక్క చెంచా చప్పుడు విని, తింటోంది అని తెలుసుకోవడం కలిసి బతకడం కాదు. మందుల దుకాణంవాళ్లు వీడియో వచ్చిన మర్నాడే పనిలోంచి తీసేశారు. ఏటా బడులు తెరిచే ముందు నా దుకాణంలో నిలబడడానికి చోటుండదు, ఈ ఏడు ఒక్క యూనిఫారం కూడా కుట్టలేదు. ఈద్‌కు ఇమామ్ గారి భార్య, కరీం తప్ప గుమ్మం ఎక్కినవాళ్లు లేరు. కూతుర్ని కాపాడుకున్నానని నాకు నేను చెప్పుకుంటాను, ఎదురుగా ఆ మూసిన తలుపు కనబడుతుంది. ఒక్కోసారి, అరవకుండా ఉంటే నా మీద ప్రేమతోనైనా వెళ్లి ఉండేది కదా అనిపిస్తుంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నిన్న సాయంత్రం మిషను దగ్గర కూర్చున్నాను. కుట్టడానికి ఏమీ లేదు, కూర్చోవడం అలవాటు. ఫోనులో టింగుమంది. తెలియని నంబరు. నీజా ఎప్పుడో నా నంబరు ఇచ్చి ఉంటుంది.

'ఆంటీ, నేను సుమయ్యాను. మీ మీద చాలా బెంగగా ఉంది. భోజనం చేశారా?'

నాకు ఒళ్లు మండాలి. మండలేదు అక్కా, నీకు నిజం చెబుతున్నాను. జూన్ నుంచి ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. పోలీసులు పేరు అడిగారు, ఊరు అడిగారు, పేపరువాళ్లు ఫోటో అడిగారు. నువ్వు కూడా మధ్యలో రాసిన ఉత్తరాల్లో నీజా తిందా అని అడిగావు గానీ నన్ను అడగలేదు. ఆ మనిషి ఎవరో తెలిసి, ఏం చేయబోయిందో తెలిసి, నా వేళ్లు 'లేదమ్మా' అని రాశాయి. ఆగకుండా, ఒంటరిదాన్ని, ఎలా తినబుద్ధి అవుతుంది అని కూడా రాశాయి. ఇక పంపడమే మిగిలింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను లాక్కుంది.

నీజా. ఎప్పుడు గదిలోంచి వచ్చిందో తెలియదు. తెర మీద సుమయ్యా రాసింది చదివింది, నేను రాసింది చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత నా పక్కన నేల మీద కూలబడింది.

'పంపకమ్మా' అంది. 'నన్నూ మొదట ఇదే అడిగింది. నాన్న పోయిన వారం. నేనూ లేదనే రాశాను.'

దాని తల నా మోకాలికి ఆనుకుని ఉంది. తండ్రి పోయిన వారం ఆ పిల్ల తిందో లేదో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. వచ్చినవాళ్లందరికీ వండి పెట్టాను, దాన్ని అడగలేదు.

అప్పుడు అడిగాను అక్కా, ఇవాళ తిన్నావా అని. లేదంది. లేచి ఇద్దరం వంటింట్లోకి వెళ్లాం.

నీ చెల్లెలు
షైరూన్